ఇంకో అరగంట

"ఏమయ్యా, ఏం చేస్తున్నావక్కడ?"

నీవెస్ కేకకి కోటగోడ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న ముసలాయన ఉలిక్కిపడ్డాడు. చేతిలో చిన్న చాకు. ఇటుకల సందులో పొడుస్తుంటే సున్నం పొడిపొడిగా రాలుతోంది.

నీవెస్ ఇటలీలోని పాదువాలో ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయింది. స్నేహితురాలు దోరినాతో కలిసి పొద్దున్న రైలుకి రోక్కాల్బా కోట చూడటానికి వచ్చింది.

"మీ తాత కట్టించాడా, ఇష్టమొచ్చినట్టు పొడవడానికి?"

ముసలాయన నవ్వాడు.

"లేదమ్మా. ఇంకో అరగంట. అయిపోవచ్చింది."

"అరగంటా! నిన్నిలా వదిలేస్తే సాయంత్రానికి గోడే ఉండదు."

"పోనిద్దూ నీవెస్! తిరగడానికొచ్చాం, తీర్పులు చెప్పడానికి కాదు" అంది దోరినా.

నీవెస్ వింటేగా! కూడలిలో ఉన్న పోలీసును వెంటబెట్టుకొచ్చింది. అతను ఆ ఊరికి బదిలీ అయి వారం కూడా కాలేదు.

"చాకు ఇటివ్వు పెద్దాయనా. ఇంటికి నడు."

"అరగంట బాబూ. మళ్ళీ రాలేను."

"రాకపోతేనే మంచిది" అంది నీవెస్.

ముసలాయన చాకు ఇచ్చేశాడు. గోడ పట్టుకుని లేచి, అరచెయ్యి కాసేపు దానిమీదే ఉంచి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోజనం దగ్గర పళ్ళెంలో రిజోత్తో అన్నం చల్లారిపోతున్నా నీవెస్ ఆ సంగతే చెప్పుకొచ్చింది. దోరినా మాత్రం తన పళ్ళెం ఖాళీ చేసింది.

సాయంత్రం దాకా ఇద్దరూ గోడ చుట్టూ తిరిగారు. ఎక్కడా చిన్న బీట కూడా లేదు. కోట వాకిట్లో టిక్కెట్లిచ్చే ఇర్మా దగ్గర నీవెస్ ఆగింది.

"మా ఊళ్ళో సందు దొరికితే చాలు, అంజూరపు మొక్కలు మొలుస్తాయమ్మా. వేళ్ళు దిగి గోడలే చీలిపోతున్నాయి. ఇక్కడ అలాంటిదేం లేదు. ఎవరు చూసుకుంటున్నారో చెప్పు, చేతులు పట్టుకుని మెచ్చుకుని పోతాను."

"ఔరేలియో అని ఒకాయన ఉండేవాడమ్మా. తాపీ మేస్త్రీ. ఇరవై ఏళ్ళు ఒంటిచేత్తో చూసుకున్నాడు. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు."

"ఉండేవాడంటే? పోయాడా?"

"అయ్యో, లేదు! కూతురొచ్చి మధ్యాహ్నం రైలుకి తన ఊరు తూరిన్‌కి తీసుకెళ్ళిపోయింది. ఇక అక్కడే ఉంటాడు."

"అరెరె, పొద్దున్నే తెలిసుంటే కలిసేదాన్ని."

ఇర్మా నిట్టూర్చింది.

"పొద్దున్న ఇక్కడే ఉన్నాడమ్మా, ఒక్క అంజూరపు మొక్క మిగిలిపోయిందని వేళ్ళు తవ్వుతుంటే, ఎవరో మహాతల్లి పోలీసును పిలిచి చేతిలో చాకు లాగించేసిందట."