మూడుసార్లు పంపిన అర్జీ

"ఒకసారి కాదమ్మా, మూడుసార్లు పంపాను!" అన్నాడు జీవరత్నం.

కైకలూరు బస్టాండు ఎదుట ఆయన టైపింగు కొట్టు ముందు అప్పటికే పదిమంది మూగారు. ఆదివారం ఆరాధన అవుతూనే తండ్రి క్రీస్తుదాసును వెంటబెట్టుకుని స్టెల్లా నేరుగా ఇక్కడికే వచ్చింది.

"పంపితే ఏవండీ బాబాయిగారూ? మా ఏలూరు సర్వే ఆఫీసులో రోజూ మెయిల్ తెరిచేది నేనే కదా. నాన్న పేరుతో వెతికాను, ఊరి పేరుతో వెతికాను. ఏమీ లేదు."

"మరి నేనేం చెప్పనమ్మా..."

క్రీస్తుదాసుకు కొల్లేటి అంచున ఎకరంన్నర పట్టా భూమి ఉంది. ఉండేది అనాలి. పక్కనున్న చేపల చెరువు ఆసామి గట్టు జరుపుకుంటూ వచ్చి దాన్ని తన చెరువులో కలిపేసుకున్నాడు. హద్దు తేల్చడానికి ఏలూరు ఆఫీసు నోటీసిచ్చింది. అభ్యంతరాలుంటే జూన్ నెలాఖరులోగా రాసివ్వాలి, మెయిల్ చేసినా చెల్లుతుంది. "మెయిలే చేయించు నాన్నా. నా చెయ్యి పడితే, కూతురుంది కదా అని వేలెత్తి చూపిస్తారు" అని చెప్పింది స్టెల్లాయే. జూలైలో, అభ్యంతరం ఒక్కటీ రాలేదంటూ చెరువాయన చెప్పిన చోటే హద్దు గీసేశారు.

జీవరత్నం తన పాత కంప్యూటర్ని జనం వైపు తిప్పాడు.

"ఇదిగో, పంపినవాటిలో చూడు. జూన్ నాలుగు, పదకొండు, ఇరవై. జవాబు రాలేదని మీ నాన్న వచ్చినప్పుడల్లా మళ్ళీ పంపాను."

ఫైలు మీద నొక్కగానే తెర నిండా గుండ్రటి తెలుగు పరుచుకుంది. ముప్పై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల శుభలేఖలూ అర్జీలూ ఆ అక్షరాల్లోనే అచ్చవుతున్నాయి. స్టెల్లా ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తు కూడా ఇక్కడే టైపయింది. ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజున ఈ జీవరత్నమే బజారంతా మిఠాయి పంచాడు. అవన్నీ ఇప్పుడెవరికి కావాలి?

"చెరువాయన కాగితాలు కూడా మీరే చేశారటగా?"

"చేశాను. కొట్టు పెట్టుకున్నాక ఎవరొచ్చినా చెయ్యాలి కదమ్మా. వాళ్ళు ప్రింటు తీయించుకుని, వెళ్ళి చేతికిచ్చారు."

"వాళ్ళవి చేరాయి, మావి చేరలేదు. బాగుందండీ!"

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఐసు లారీ డ్రైవరు బల్ల మీద పెట్టిన తన కాగితాలు తీసుకుని పక్క కొట్టుకి నడిచాడు. వాడి వెనకే మరో ఇద్దరు కదిలారు.

క్రీస్తుదాసు ముందుకొచ్చాడు. "చర్చిలో ఒకే చాప మీద కూర్చున్నాం కదరా రత్నం! నా నోటికాడ కూడు తీసెయ్యడానికి నీకు చేతులెలా వచ్చాయిరా?"

"బైబిలు మీద ప్రమాణం చేస్తాన్రా దాసూ."

"నువ్వు దాన్ని ముట్టుకోకు!"

జీవరత్నం కళ్ళు తుడుచుకున్నాడు. స్టెల్లాకి జాలి వెయ్యలేదు సరికదా, ఒళ్ళు మండింది.

"మీ తప్పు లేకపోతే అదే మెయిలు, అదే అడ్రసుకి, ఇప్పుడే నా కళ్ళముందు పంపండి. రేపు మా సూపరింటెండెంటు గారికి చూపిస్తాను."

ఆయన పంపాడు.

సోమవారం పొద్దున్నే స్టెల్లా సంగతంతా పాండురంగారావుకి చెప్పింది. సూపరింటెండెంటుగా ఆయనకి ఇంకా ఏడాది సర్వీసుంది.

"గడువులోపల మెయిల్ వచ్చినట్టు తేలితే ఫైలు మళ్ళీ తెరిపిస్తానమ్మా. మీ నాన్న భూమి ఎక్కడికీ పోదు. కానీ మనవాళ్ళెవరైనా దాన్ని పోగొట్టారని తేలిందా, మర్నాడే ఇంటికి పంపించేస్తాను."

"పంపించాల్సిందేనండీ" అంది స్టెల్లా పళ్ళు బిగించి.

పోయినేడాది ఆఫీసులో పాత కంప్యూటర్లన్నీ తీసేసి లైనక్స్ మిషన్లు పెట్టినప్పుడు, ఉత్తరాలు రాసే సాఫ్ట్‌వేరూ కొత్తదై, మెయిల్ పెట్టె కూడా కొత్తదై, సీనియర్లంతా తలలు పట్టుకున్నారు. మూడు రోజుల శిక్షణలో అంతా నేర్చేసుకున్నది స్టెల్లా ఒక్కతే. సాయంత్రమయ్యేసరికి పెట్టెలో ఒక్క చెత్త మెయిలు కూడా మిగల్చదని పాండురంగారావు పదిమందిలో మెచ్చుకునేవాడు. ఏటేటా రెన్యువల్ కావలసిన ఆమె అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం ఆ మంచిపేరు మీదే నిలబడింది.

ఆమె కుర్చీలో కూర్చుని మెయిల్ తెరిచింది. నిన్నటిది వచ్చే ఉంది. పంపినవారి పేరు చోట ఒక ఫోన్ నంబరు. సబ్జెక్టు ఖాళీ. కింద ఒక ఫైలు. దాని మీద నొక్కింది.

తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొక్కేలు, ప్రశ్నార్థకాలు. మచ్చుకి ఒక్క తెలుగు అక్షరం లేదు. జీవరత్నం కొట్లోని పాత డీటీపీ ఫాంటు, ఆ గుండ్రటి అక్షరాల అచ్చు, ఈ మిషన్లో లేదు. అక్కడ ముత్యాల్లా కనిపించిన అర్జీ ఇక్కడ ఏదో వైరస్‌లా ఉంది.

ఇలాంటిది చూడడం స్టెల్లాకి కొత్త కాదు. ఫోన్ మోగింది.

"ఏమైందమ్మా?" క్రీస్తుదాసు. "రత్నం తెల్లారకుండానే వచ్చి మన గుమ్మంలో కూర్చున్నాడు. నువ్వు చూసి చెప్పేదాకా కదలనంటున్నాడు."

"చూస్తున్నాను నాన్నా" అని పెట్టేసింది.

వెనకనుంచి చెప్పుల చప్పుడు వినిపించింది.

"ఏంటమ్మా, దొరికిందా?" అన్నాడు పాండురంగారావు.

"లేదండీ. ఇదేదో చెత్త మెయిలు."

స్టెల్లా నాలుగోసారి డిలీట్ నొక్కింది.