ఉన్నది ఉన్నట్టు

కూతురు వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. రేపే ఆమెకు కోర్టులో సాక్షుల మాటలు అనువదించే దుబాసి సర్టిఫికెట్ పరీక్ష. అమ్మానాన్నల మధ్య మాటల్లేక అప్పటికి మూడు రోజులు.

"వడ్డించానని మీ నాన్నతో చెప్పు. తింటే తినమను, లేకపోతే మానెయ్యమను," అంది అమ్మ.

కూతురు వరండా వైపు తిరిగింది. "వడ్డించాను. తింటే తినండి, లేకపోతే మానెయ్యండి."

నాన్న పేపరు దించాడు. "అదేంటమ్మా? ఎప్పుడూ 'అమ్మ మీకోసం కాచుకుని కూర్చుంది' అనేదానివిగా?"

"కోర్టులో ఒక్క మాట కలపకూడదు, తీసెయ్యకూడదు నాన్నా. సాక్షి 'నేను' అంటే నేనూ 'నేను' అనాలి. ప్రాక్టీసు చేస్తున్నా."

"అయితే ఉప్పులేని ఆ కూర నాకొద్దని చెప్పు."

"ఉప్పులేని ఆ కూర నాకొద్దు," అంది కూతురు వంటింట్లోకి చూస్తూ.

అమ్మ చేతిలో గరిటె ఆగింది. "మొన్న నా వంటకి తిరుగులేదన్నారని చెప్పావే?"

"అది నేను కలిపిందేనమ్మా. ఇన్నేళ్లూ ఇద్దరికీ కలుపుతూనే ఉన్నా."

నాన్న పేపరు మడిచి, నేరుగా వంటింట్లోకి వచ్చాడు.

"దీనికి సర్టిఫికెట్ వచ్చిందంటే మన కాపురం కోర్టుకెక్కుతుంది. ఇక మనమే మాట్లాడుకుందామా?"

అమ్మ కంచం జరిపింది. "కూర్చోండి. ఉప్పు వేస్తాను."

"కూర్చోండి. ఉప్పు వేస్తాను," అంది కూతురు.

"నాకు వినబడిందిలేమ్మా," అన్నాడు నాన్న.