మూడొందల కిలోల ఎలుక

ఆ కాలానికి పరిశోధన పత్రాలు రాసేదీ, చదివేదీ, ఉదహరించేదీ యంత్రాలే. హైదరాబాదులో మెదడు మందుల శాస్త్రవేత్త వకుళ పేరిట వచ్చిన పత్రాన్ని ఉదహరిస్తూ నలభై వేల సైటేషన్లు వచ్చాయి. దాన్ని చదివిన మనిషి మాత్రం ఒక్కరే: ఒకప్పుడు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన ఆమె మామగారు.

"ఎలుక బరువు మూడొందల కిలోలని పడిందేంటమ్మా?" అన్నారాయన, మింగబోతున్న మతిమరుపు మాత్ర పక్కన పెట్టి.

వకుళ పత్రం అందుకుని చూసింది. ఆ లెక్కతో కట్టిన మోతాదులోనే ఊరంతా ఆ మాత్ర మింగుతోంది! గ్రాములని దిద్ది, పత్రం ప్రచురించిన సంస్థకు పంపింది.

క్షణంలో జవాబొచ్చింది: "మీ దిద్దుబాటుకు సైటేషన్లు సున్నా. మూడొందల కిలోలను నలభై వేల పత్రాలు ఒప్పుకున్నాయి. తిరస్కరించడమైనది."

మర్నాడు ప్రయోగశాల ముందు లారీ ఆగింది. గదంత బోను దించారు.

"సంతకం పెట్టుండ్రి మేడం," అన్నాడు డ్రైవరు. "ఎలుక ఎనక లారీల వస్తున్నది."