నాలుగో కౌంటర్

ఓపల్ కొట్టిన మొదటి దెబ్బకే లోవెల్ కళ్ళద్దాలు ఎగిరి అవతల పడ్డాయి.

అతను చెయ్యెత్తలేదు. ఎత్తకూడదు. అదే పరీక్ష.

మహమ్మారి పోయింది గానీ జనం కోపం పోలేదు. అమెరికాలోని డేటన్ ఊళ్ళో ఆ సూపర్‌మార్కెట్‌లో ఒక్క ఏడాదిలోనే ఆరుగురు ఉద్యోగులు కస్టమర్ల చేత తన్నులు తిన్నారు. మిగిలినవాళ్ళు బతికుంటే బలుసాకు తినొచ్చనుకుని మానేశారు. పాత సిబ్బందిలో మిగిలింది ఓపల్ ఒక్కతే. దాంతో కంపెనీ దారి మార్చింది. ఎవరొచ్చినా గతం అడక్కుండా పిలిచి పీట వెయ్యడం, నోరు మంచిదైతే ఊరు మంచిదని రెండు రోజులు పాఠం చెప్పడం, మూడో రోజు తన్నించి చూడడం. తన్నే కస్టమర్ వేషం ఓపల్‌ది. మూడు విడతలు. చేతులు తెరిచి ఉంచి, మెల్లగా మాట్లాడుతూ నిలబడాలి. పిడికిలి బిగిస్తే ఉద్యోగం లేదు.

లోవెల్‌కి ఆ ఉద్యోగం కావాలి. పని దొరికిన కాగితం చూపిస్తేనే ఆదివారాలు కూతుర్ని చూడనిస్తానంది కోర్టు. తొమ్మిదేళ్ళ పిల్ల. మూడు పుట్టినరోజులు తండ్రి లేకుండానే చేసుకుంది.

ఓపల్‌కి అరవై దగ్గర పడుతున్నాయి. లోకమంతా మాస్కులు తీసి పారేసినా ఆమె తియ్యలేదు. మధ్యాహ్నం కారులో ఒక్కతే కూర్చుని ఏదో స్ట్రాతో తాగి వస్తుంది. అదే భోజనం. అంత ముసలావిడ అలా కొట్టడం, అలా తిట్టడం ఎక్కడ నేర్చిందా అని కొత్తవాళ్ళు చెవులు కొరుక్కునేవారు. జైలుకెళ్ళొచ్చిందని ఒకరు, మొగుణ్ణి చంపిందని ఇంకొకరు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ రోజు మిగతా ఏడుగురు కొత్తవాళ్ళనీ ఆమె మొదటి కౌంటర్ దగ్గరే పరీక్షించింది. స్పాంజితో చేసిన ఉత్తుత్తి డబ్బాతో రెండు దెబ్బలు, కాగితం మీద రాసిచ్చిన నాలుగు తిట్లు, అంతే. లోవెల్ పేరు పిలవగానే మాత్రం నాలుగో కౌంటర్‌కి నడవమంది. స్పాంజితో కాదు, అరచేత్తోనే మొదలుపెట్టింది.

"ఏమే, నన్నే ఆపుతావా?"

మగాణ్ణి పట్టుకుని ఏమే అంటుందేమిటని వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. లోవెల్ నవ్వలేదు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. కళ్ళద్దాల కోసం వంగనైనా లేదు.

"మీకేం కావాలో చెప్పండి మేడమ్," అన్నాడు తడబడుతూ.

రెండో విడతలో ఆమె కౌంటర్ మీది ప్లాస్టిక్ అడ్డును పీకి నేలకేసి కొట్టింది. మహమ్మారి నాటి అడ్డు అది. అది విరిగిన చప్పుడుకి అందరూ ఉలిక్కిపడేలోపే అతని కాలర్ పట్టుకుని ముందుకు లాగింది.

"గంటకి పదకొండు డాలర్లకి దేకే దానివి, నాకు చెప్పేదానివా నువ్వు? మా అమ్మని ఆసుపత్రిలో అద్దం అవతల్నుంచి చూపించి పంపేశారు. చచ్చిపోతుంటే చెయ్యి కూడా పట్టుకోనివ్వలేదు. ఇప్పుడు నువ్వు కూడా ఆపు. ఆపవే, చూస్తాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పాపం, ఈవిడ తల్లి అలా పోయింది కాబోలని ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఓపల్ అతని తలను కౌంటర్‌కేసి రెండుసార్లు బాదింది. కనుబొమ్మ చిట్లి రక్తం కారింది.

నోలన్ అడ్డం వచ్చాడు. కిందటి నెలే వేరే ఊరి నుంచి బదిలీ మీద వచ్చిన మేనేజరు. ఇదేదీ కాగితంలో లేదని, ఇక చాలని అన్నాడు.

"ఇంకో విడత ఉంది సార్. కానివ్వండి," అన్నాడు లోవెల్.

ఓపల్ స్పాంజి డబ్బా వైపు చూడనైనా చూడలేదు. పక్క అరలోంచి పీచ్ పండ్ల డబ్బా తీసింది. అసలు డబ్బా. రేకుది, నిండుగా ఉంది. లోవెల్ దాన్ని చూశాడు. చూసి, రెండు అరచేతులూ తెరిచి కౌంటర్ మీద పెట్టాడు.

కస్టమర్‌తో 'తప్పు మాదే' అనమని పాఠంలో చెప్పారు.

"తప్పు నాదే," అన్నాడతను.

డబ్బా దవడకి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. అతను కుప్పకూలాడు. ఆమె మీదికి వంగి మళ్ళీ ఎత్తింది. అతను ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆమె ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. డబ్బా జారి దొర్లుకుంటూ పోయింది. ఓపల్ అక్కడే నేల మీద చతికిలబడి, మాస్కు లోపలే ఎక్కిళ్ళు పెట్టింది.

నోలన్ ఫోన్‌లో అంబులెన్స్‌ని పిలిచాడు. పోలీసుల్ని పిలవబోతూ లోవెల్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చెయ్యెత్తలేదు కాబట్టి ఉద్యోగం అతనిదేనన్నాడు. కాగితం ఆ రోజే ఇస్తానన్నాడు. ఆవిడ సంగతి పోలీసులు చూసుకుంటారు, తను గబగబా రాసిన ఫిర్యాదు మీద ఒక్క సంతకం చేస్తే చాలు, ఉద్యోగం కాగితం చేతిలో పెడతానన్నాడు.

లోవెల్ ఆ ఫిర్యాదు వంక చూశాడు. ఆదివారాలన్నీ అందులోనే ఉన్నాయి. పెన్ను వెనక్కి తోసేశాడు.

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు నోలన్. "మేం రాసిచ్చింది నాలుగే తిట్లు. మరి ఆ బూతులూ, ఆ అమ్మ చావూ, ఆ డబ్బా... ఇవన్నీ ఎక్కణ్ణించి తెచ్చింది ఈవిడ?"

లోవెల్ నోట్లోని రక్తం ఉమ్మి, విరిగిన దవడతో ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పాడు.

"అన్నీ నావే సార్... మాస్కు పెట్టుకోమన్నందుకు నాలుగేళ్ళ కిందట ఇదే కౌంటర్ దగ్గర ఈవిడ దవడ పగలగొడుతూ నేనన్న మాటలే."