రంగూను వెళ్లువారికి సలహాలు

విదేశయాత్రికుల క్షేమము విచారించు ఘనత వహించిన అధికారులకు గిరిసోల గ్రామవాసి నీలమ్మ సవినయముగా విన్నవించునది:

రంగూనులో కొలువున్న నా భర్త వద్దకు పోవుటకు మూడేండ్లుగా సిద్ధమగుచున్నాను. సలహాలిచ్చువాడు మా మరిది కొండబాబు.

"టీకాలేయించుకో వదినా. గొడుగట్టుకెల్లు, అక్కడొకటే వాన. అన్నకి ఎండురొయ్యలంటే పేనం, మార్కండి రేవులోనే కొను. రంభ ఊరి సరుకు కంపు."

టీకాలు వేయించుకొంటిని, గొడుగు కొంటిని. మార్కండిలో రొయ్యలు దొరకనందున నిన్న రైలెక్కి రంభ ఊరికి పోతిని.

కొట్టులో రొయ్యలు తూచుచున్న మనిషి తల ఎత్తకుండానే "ఏటి కావాలమ్మా?" అనెను. ఆయన నా భర్త. లోపలి నుండి ఒక ఇల్లాలు ఒడియాలో ఆయనను భోజనమునకు పిలిచెను.

కావున, డిమాండు నం. 1: రంభను తక్షణమే విదేశముగా ప్రకటించవలెను. రెండు గంటల రైలు దూరమున ఉన్న మనిషి మూడేండ్లు ఇల్లు చేరలేదని ఊరిలో నేను చెప్పుకొనలేను.