ఏడో ట్యూబు

"ఇవాళ ఏడు ట్యూబులా! నా ఒంట్లో ఇంకేం మిగిలిందనే తల్లీ?" అంటూ మంచం మీది మామ్మ చెయ్యి దుప్పట్లోకి లాక్కుంది.

రక్తం తీసే అమ్మాయి ట్రే కింద పెట్టింది. కళ్లు తిరుగుతున్నాయని ఆసుపత్రిలో చేరిన మనిషికి తొమ్మిది రోజులుగా పొద్దున ఆరు ట్యూబులు, సాయంత్రం ఆరు ట్యూబులు. మోచేతుల దగ్గర చర్మం కమిలి నల్లబడింది. నరం వెతుక్కోవడమే ఒక పని.

"ఏం చెయ్యను మామ్మా, డాక్టరుగారు రాశారు. మీ రక్తం బాగా తగ్గిపోయిందట. ఎక్కడికి పోతోందో కనుక్కోవాలట."

"ఎక్కడికి పోతోందో నేను చెప్తా, రాసుకోమను," అని మామ్మ ట్రే వైపు వేలు చూపించింది.

నవ్వబోయిన అమ్మాయికి ఏడుపొచ్చినంత పనైంది. నిన్న ధైర్యం చేసి డాక్టరుతో అననే అంది, ఇన్ని పరీక్షలు దేనికి సార్ అని. "బిల్లు తగ్గితే పైవాళ్లకి నువ్వు జవాబు చెప్తావా? వెళ్లి పని చూసుకో," అని కసిరాడాయన.

"ఈ పూటకి వదిలెయ్యవే. మీ అమ్మనైతే ఇలాగే పొడుస్తావా?"

ఆ మాట అమ్మాయికి ఎక్కడో తగిలింది. అయినా ఆ రిపోర్టులు చదివే నాథుడెవడు? ఫైల్లో గుచ్చడం, బిల్లులో ఎక్కించడం, అంతేగా! ఆమె తెర లాగింది. రబ్బరు పట్టీ తన ఎడమ చేతికే చుట్టుకుని, కొస పళ్లతో బిగించింది. ఏడు ట్యూబులూ నిండాయి. చీటీల మీద మామ్మ పేరు ఉంది కదా చాలనుకుని, ఏది దేనికో చూడకుండానే గబగబా అంటించేసింది.

"పిచ్చిపిల్లా, ఇదేం పనే! నీ కడుపు చల్లగుండ!" మామ్మ ఆ చెయ్యి పట్టుకుని నిమిరింది. "ఇంటికెళ్లాక పిలుస్తా, రావాలి సుమా."

"ముందు మీరు వెళ్లండి చూద్దాం," అని అమ్మాయి దూది అదిమిపట్టుకుని బయటికి నడిచింది. చాలా రోజుల తర్వాత ఆమె మనసు తేలికపడింది.

మధ్యాహ్నం అమ్మాయి మళ్లీ వచ్చేసరికి మామ్మ పక్కన రక్తం సంచి వేలాడుతోంది. సగం ఖాళీ అయింది. మామ్మ గజగజ వణికిపోతోంది. కొడుకు ఆమె అరికాళ్లు రుద్దుతున్నాడు.

"రక్తం ఎక్కేటప్పుడు చలి మామూలే," అంటూ నర్సు ఇంకో దుప్పటి కప్పి వెళ్లిపోయింది.

"ఇది ఎవరు పెట్టమన్నారు?" అంది అమ్మాయి.

"నిన్నటి రిపోర్టు చూసి డాక్టరుగారే సిస్టర్. నేనే ఇద్దామనుకున్నా. అమ్మదీ నాదీ ఒకటే గ్రూపు, 'ఓ' అనుకున్నా ఇన్నాళ్లూ. కాదట. పొద్దున మీరు ఏడో ట్యూబు తీసుకెళ్లారటగా, అది గ్రూపు చూడ్డానికేనట. అందులో తేలిందట."

అమ్మాయి ఒక్క అంగలో వెళ్లి రక్తం దిగే గొట్టాన్ని రెండు చేతులా నొక్కి పట్టింది.

"ఏమైంది సిస్టర్?"

మామ్మ వణుకు అప్పటికే ఆగిపోయింది. వంగిన అమ్మాయి మెడలోని గుర్తింపు కార్డు మామ్మ గుండెల మీద వాలింది. ఫొటో కింద, సంచి మీదున్న అక్షరమే ఎర్రగా కనిపిస్తోంది: బి.