వంకర ముక్కు

పాములపాడు పెళ్ళికి ఒక్కడే పోయి రెండు రోజుల తర్వాత షెడ్డు తలుపు తీసిన అనంతయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఎనిమిది నెలలుగా తను ఉలి తాకించని అమ్మవారి విగ్రహానికి ముక్కు మొలిచింది.

అదీ వంకర ముక్కు.

రేపు గడివేముల గుడివాళ్ళు వస్తారు. మొహం తేలకపోతే రాయిని వేరే శిల్పికి ఇచ్చేస్తామని ముందే చెప్పారు. వెనకటి విగ్రహం చేతిలో పగిలినప్పటి నుంచి ఉలి పడితే చాలు, అనంతయ్య చెయ్యి వణుకుతోంది. భార్య శాంతకుమారిని వెంటబెట్టుకుని వారం వారం ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు, కౌన్సెలర్ యామిని దగ్గరికి తిరుగుతూనే ఉన్నాడు.

పక్క షెడ్డు జయంత్‌ను నిలదీశాడు.

"నా రాయిని ముట్టింది నువ్వేనా?"

"రెండు దినాలు టకటకమని ఇనబడింది. నువ్వే అనుకున్యా." జయంత్ తొంగి చూశాడు. "నేను చెక్కింటే ఇట్లుంటాదా అన్నా? అమ్మవారికి జలుబు చేసినట్లుంది."

అనంతయ్య పళ్ళు కొరుకుతూ విగ్రహం మీదికి వంగాడు. నయం, రాయి మందంగానే వదిలారు. ఎడమ పక్క కొంచెం తీస్తే... కుడి పక్క ఇంకొంచెం...

ఫోన్ మోగింది. యామిని.

"పదకొండైంది. ఇవాళ రాలేదేం అనంతయ్య గారూ?"

"యాడొచ్చేది మేడమ్? ఎవరో ముక్కు చెడగొట్నారు. సరిచేస్తాండా."

"దేంతో?"

అనంతయ్య తన చేతిలోని ఉలిని చూసుకున్నాడు. చెయ్యి వణకడం లేదు.

గుమ్మంలో శాంతకుమారి, టీ గ్లాసుతో. బొటనవేలికి గుడ్డపేలిక. అనంతయ్యకు అంతా అర్థమై నవ్వొచ్చింది.

"నాతో ఉలి పట్టియ్యాలని కావాలనే వంకరగా చెక్కినావు కదే?"

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"కావాలని యాడ? నాకొచ్చింది అంతే. 'భయమే లేకుంటే ఈ చేతుల్తో ఏం చేస్తారు' అని ఆయమ్మ నిన్ను అడుగుతాంటే బయట బెంచీ మీద నాకు ఇనబడతాండె. నువ్వు నోరు మెదపవు. నాకు నేనే జవాబు చెప్పుకున్యా. నలభై ఏండ్లు నువ్వు చెక్కినవి రుద్ది రుద్ది నునుపు చేసింది చాలు, ఇంక నేనూ చెక్కుతా. ముక్కు నువ్వు దిద్దుకో. చెవులు మాత్రం ముట్టొద్దు, అవి నావి."